హెచ్‌టీనా, ఎల్‌టీనా? మావయ్య రాజ్‌దూత్ 350 గుట్టు తేల్చిన తీరు

రాజ్‌దూత్ 350 బైకు ఉన్నవాళ్లలో తనది ఎల్‌టీ, అంటే పవర్ తగ్గించిన రకం, అని ఒప్పుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు. అందరివీ ఎక్కువ పవరున్న హెచ్‌టీలే. మరి ఎస్కార్ట్స్ వాళ్లు అన్ని ఎల్‌టీలు తయారుచేసి ఎవరికి అమ్మారో! గుంటూరులో మా మావయ్య కూడా అంతే. మిర్చి గోడౌన్‌లో గోనె సంచుల వెనక ఏళ్ల తరబడి పడున్న బండిని నాకిస్తూ, "జపాన్ ఇంజనురా అల్లుడూ, ప్యూర్ హెచ్‌టీ" అన్నాడు. కాగితాలు నా పేరు మీదకి మారేలోపు ఆ మాటలో నిజమెంతో చూద్దామనుకున్నాను. పాత బండి కొనే ఆలోచన ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. యమహా ఆర్‌డీ 350 బయటి దేశాల్లో 1973లో వచ్చింది. అక్కడ దాని పవర్ 39 హార్స్‌పవర్. పదేళ్ల తర్వాత, 1983లో, ఎస్కార్ట్స్ కంపెనీ దాన్నే కొద్దిగా తగ్గించి రాజ్‌దూత్ 350 పేరుతో ఇక్కడ దించింది. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, 347 సీసీ, ఆరు గేర్లు. అప్పటికి మన రోడ్ల మీద పెద్ద బండి అంటే బుల్లెట్. దానికి 346 సీసీ ఉన్నా పవర్ 18 హార్స్‌పవరే. ఇంచుమించు అంతే సీసీలో రాజ్‌దూత్ 30.5 ఇచ్చింది. ఆ స్పీడుకి తగ్గ బ్రేకు మాత్రం ఇవ్వలేదు. యమహాలో ముందు చక్రానికున్న డిస్కు తీసేసి డ్రమ్ము పెట్టారు. నన్నడిగితే ఆ బండిలో అసలు పిసినారితనమంతా అక్కడే ఉంది.

పెట్రోలు విషయంలో మాత్రం దానిది పెద్ద చెయ్యి. 1985లో హీరో హోండా వచ్చి లీటరుకి 80 కిలోమీటర్లంటూ ప్రకటనలు ఇస్తుంటే, ఈ బండికి పెట్రోలు పోయించే ధైర్యం ఎందరికుంటుంది? ఆ ప్రాంతంలోనే పవర్‌ని 27 హార్స్‌పవర్ దగ్గరకి దించి, మైలేజీ కాస్త మెరుగుపరిచి ఇంకో రకం తెచ్చారు. మొదటిది హై టార్క్, అంటే హెచ్‌టీ. రెండోది లో టార్క్, ఎల్‌టీ. ఈ రెండు అక్షరాల తేడాకే ఇవాళ రేటులో బోలెడు తేడా వస్తోంది.

పైకి చూస్తే రెండూ ఒకటే. ట్యాంకు మీద స్టిక్కరు చూసి నమ్మడానికి లేదు, కావలసిన స్టిక్కరు కొట్టించుకోవచ్చు. అందుకే ముందు కాగితాల దగ్గర మొదలుపెట్టాను.

కొత్త మోటారు వాహనాల చట్టం 1989 జూలైలో అమల్లోకి వచ్చాక గుంటూరుకి ఏపీ 7, కృష్ణాకి ఏపీ 16 అంటూ నెంబర్లు వచ్చాయి. అంతకుముందు మూడు ఇంగ్లీషు అక్షరాల నెంబర్లు ఉండేవి. మావయ్య బండిది ఆ పాత నెంబరే. ఆర్‌సీ పుస్తకం పేజీలు చెమ్మకి అతుక్కుపోతే ఫ్యాను కింద ఆరబెట్టి ఒక్కొక్కటే విడదీశాను. తయారైన సంవత్సరం 1986 అని ఉంది. అప్పటికే ఎల్‌టీలు వచ్చేశాయి కాబట్టి డౌటు అక్కడే మొదలైంది. మొదటి ఓనరు తెనాలి ఆయన, రెండో ఆయన విజయవాడ గవర్నర్‌పేటలో కాంట్రాక్టరు, మూడో పేరు మావయ్యది. సంవత్సరం ఒక్కటే చూసి తీర్పు చెప్పడానికి లేదు. ఫ్రేము ఒక బండిది, ఇంజను ఇంకో బండిది అయిన రాజ్‌దూత్‌లు ఈ చుట్టుపక్కల చాలానే తిరుగుతున్నాయి.

తర్వాత నెంబర్లు. చాసిస్ నెంబరు హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద, ఇంజను నెంబరు క్రాంక్‌కేస్ మీద కొట్టి ఉంటాయి. జిడ్డూ మిర్చి దుమ్మూ కలిసి గట్టిపడ్డ పొరని కిరసనాయిలు, పాత టూత్ బ్రష్షుతో నానబెట్టి తీశాను. తుమ్ములు ఆగలేదు. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి: ఎమెరీ పేపరు, వైర్ బ్రష్షు ఆ చోట తగలనివ్వకండి. గీతలు పడితే నెంబరు చెరిపి మళ్లీ కొట్టారేమోనని ఇన్‌స్పెక్టరు అనుమానిస్తాడు, అనుమానించడం న్యాయం కూడా. శుభ్రం చేశాక పల్చటి తెల్లకాగితం అంటించి పైన పెన్సిల్ రుద్దితే అంకెలు తేలాయి. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో ఉన్నాయి. చుట్టూ పోతలో వచ్చే గరుకు అలాగే ఉంది. అంటే ఎవరూ ఆకురాయి పెట్టలేదన్నమాట. చాసిస్ నెంబరు ఆర్‌సీతో సరిగ్గా కలిసింది. ఇంజను నెంబరులో మాత్రం చివరి అంకె ఆర్‌సీలో 1, లోహం మీద 7. ఆ పేచీ సంగతి తర్వాత చెప్తాను.

గవర్నర్‌పేట కాంట్రాక్టరు గారు లేరు. వాళ్లబ్బాయి దొరికారు. బండి పేరెత్తగానే, "అది ఇంకా ఉందాండీ!" అని లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. కాఫీ తాగుతూ ఆయన చెప్పిన ఒక్క విషయం మిగతా పనినంతా నడిపించింది. ఈ బండిలో ఆయిల్‌ని పెట్రోల్లో కలపక్కర్లేదు. విడిగా ట్యాంకు ఉంటుంది, ఆటోల్యూబ్ అనే పంపు దానంతటదే ఇంజనుకి అందిస్తుంది. అప్పట్లో చాలామంది మెకానిక్కులకి ఆ పంపు మీద నమ్మకం ఉండేది కాదు. పీకేసి, "పెట్రోల్లోనే కలిపి పోసుకోండి" అనేవాళ్లు. వీళ్ల బండికీ పంపు పీకించారు. ఒకరోజు కలపకుండా వట్టి పెట్రోలు పోయించి గుంటూరు బయల్దేరితే మంగళగిరి దగ్గర పిస్టన్ పట్టేసిందట. "ఆటోనగర్‌లో బోరు మార్పించారు నాన్న" అన్నారు. బోరు అంటే సిలిండరే. ఒకటా, రెండా అని అడిగితే, "పట్టేసింది ఒకవైపే కదండీ" అన్నారు.

ఇక ఆటోనగర్. విజయవాడలో టూ స్ట్రోక్ ఇంజన్ల మీదే జీవితం గడిపిన ఒక పెద్దాయన దగ్గరకి ట్రాలీలో వేసుకుని తీసుకెళ్లాను. ఆయన స్టిక్కరు వంక కూడా చూడకుండా, "సైలెన్సర్లు ఊడదీయి బాబూ" అన్నాడు.

అసలు తేడా అక్కడుంటుంది. టూ స్ట్రోక్ సిలిండర్‌లో పొగ పోవడానికి వాల్వులుండవు. గోడకి ఒక కిటికీ ఉంటుంది, దాన్నే పోర్టు అంటారు. పిస్టన్ కిందకి దిగినప్పుడు అది తెరుచుకుంటుంది, పైకి వచ్చినప్పుడు మూసుకుంటుంది. ఆ పోర్టు పెద్దగా ఉంటే ఇంజను ఎక్కువ ఆర్‌పీఎంలో తిరిగేటప్పుడు పొగ తొందరగా బయటపడి పవర్ పెరుగుతుంది, దాంతోపాటు కాలని పెట్రోలూ కొంత పోతుంది. ఎల్‌టీలో ఆ పోర్టునే చిన్నది చేశారు.

సైలెన్సర్ పైపులు ఊడదీశాక లోపల నల్లటి కార్బన్ పెచ్చులు కట్టి ఉంది. అల్యూమినియానికి గీత పడకుండా వెదురు పుల్లతో మెల్లగా గీకాడాయన. కిక్ రాడ్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పి, పిస్టన్ పూర్తిగా కిందకి దిగి పోర్టు మొత్తం కనబడేదాకా ఆగాడు. ముందు కుడివైపు వెర్నియర్ స్కేలు పెట్టి కొలిచి ఒక కాగితమ్ముక్క మీద రాసుకున్నాడు. మళ్లీ కిక్ రాడ్ తిప్పి ఎడమవైపు పెట్టి ఆగిపోయాడు. మళ్లీ కుడివైపు చూశాడు. తర్వాత అల్మరా మీదనుంచి ఒక పాత హెచ్‌టీ సిలిండర్ దించి పక్కన పెట్టి కొలిచాడు. ఎడమవైపుది దాంతో సరిపోయింది. కుడివైపుది చిన్నది.

"సగం హెచ్‌టీ, సగం ఎల్‌టీ. అర్ధనారీశ్వరుడు" అని నవ్వాడు.

అప్పుడు అన్నీ కలిశాయి. బండి పుట్టుకతో ఎల్‌టీ, 1986 నాటిది. మంగళగిరి దగ్గర పట్టేసిన ఎడమ సిలిండర్ బదులు, చేతికి దొరికిన హెచ్‌టీ సిలిండర్ ఎక్కించి పంపేశారు. తక్కువ స్పీడులో ఇంజను ఎందుకు కొట్టుకునేదని మావయ్య ఏళ్ల తరబడి కార్బొరేటర్లు ట్యూన్ చేయించాడు పాపం. రెండు సిలిండర్లు రెండు రకాలుగా ఊపిరి పీలుస్తుంటే కార్బొరేటర్ ఏం చేస్తుంది?

రవాణా శాఖ పని గురించి క్లుప్తంగా చెప్తాను, ఏ ఆఫీసో చెప్పను. పాత చేతిరాత రికార్డు కంప్యూటర్లోకి ఎక్కలేదు కాబట్టి ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. ఆ తర్వాతే ఓనరు మార్పుకి ఫారం 29, 30, పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి ఫారం 25. ఇంజను నెంబరులో ఆ 1, 7 తేడా పట్టుకుని కౌంటర్లో "బండి తేడాగా ఉందే" అన్నారు. టెన్షన్ మామూలుగా లేదు. నా పెన్సిల్ ప్రింట్లు, మావయ్య దాచుకున్న పాత ఇన్సూరెన్స్ కాగితం తీసి చూపించాను. ఇన్సూరెన్స్‌లో 7 అనే ఉంది. ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా వంగి, ఫోన్ లైటు వేసి నెంబరు చదువుకుని రికార్డులో సరిచేయమని రాసిచ్చారు. రెన్యూవల్ ఐదేళ్లకి వచ్చింది.

ఇంకో మాట. వింటేజ్ కింద వీఏ నెంబరు తీసుకోమని చాలామంది సలహా ఇచ్చారు. 2021లో వచ్చిన ఆ రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్లు దాటాలి. రాజ్‌దూత్ 350ల్లో అందరికంటే పెద్దదానికి కూడా 2033 దాకా ఆ అర్హత రాదు. వీఏ నెంబరు వచ్చిన బండిని రోజూ తిప్పుకోవడమూ కుదరదు.

ఇప్పుడు బండిని ఎల్‌టీగానే నిలబెడుతున్నాను. రెండో సిలిండర్ కూడా హెచ్‌టీది వేయించి హెచ్‌టీ అని చెప్పుకోమని సలహాలు వచ్చాయి. ఆర్‌సీలో 1986 ఉండగా ఆ నాటకం నాకెందుకు? ఆటోల్యూబ్ పంపు వెతికి బిగించాం, పని చేస్తోంది. ఎడమవైపుకి ఎల్‌టీ సిలిండర్ ఇంకా దొరకలేదు. బోరు అరిగిపోయినా పర్వాలేదు, ఓవర్‌సైజు పిస్టన్ వేసుకుంటాం. పోర్టు దగ్గర ఎవరూ ఆకురాయి పెట్టకుండా ఉంటే చాలు. గుంటూరు, విజయవాడ, తెనాలి చుట్టుపక్కల ఎవరి అటకమీదైనా ఉంటే చెప్పండి. బదులుగా నా హెచ్‌టీ సిలిండర్ ఇచ్చేస్తాను.