అరవై థౌ రీబోరు, మెకానికల్ నాన్న

“నాన్నా, నువ్వు మెకానికల్ ఇంజనీరువి కదా, ఒక్క ఇంజను కూడా విప్పలేదా?” అన్నాడు మావాడు. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. కాకినాడలో మెకానికల్ చదివి, నేరుగా అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకుని ఫ్లైటెక్కినవాణ్ణి. ఇందులో వింతేముందో నాకూ, వింత కానిదేముందో వాడికీ అర్థం కాలేదు.

వాడికి పదిహేడేళ్లు. కొంటానంటున్నది పాత షెవర్లె 350 బ్లాకు, అంటే కారు ఇంజనులో సిలిండర్లుండే ఇనుప దిమ్మ. డ్రాగ్ రేసుల కోసం ఎవరో అరవై థౌ, అంటే అంగుళంలో వెయ్యింట అరవై వంతులు, రీబోరు చేయించి (సిలిండర్లను లోపల చెక్కించి వెడల్పు చేయించి) ఇప్పుడు అమ్ముతున్నారు. ఎనిస్‌లోని డ్రాగ్ రేసుల ట్రాకు టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌లో క్వార్టర్ మైలు కొట్టాలని వీడి ఆశ. వద్దన్నాను. ఎందుకంటే కాలేజీ సీటు కోసం రాసే ఎస్‌ఏటీ ఉందన్నాను.

అన్నానే గానీ, ఆ రాత్రి అందరూ పడుకున్నాక కాలిక్యులేటర్ తీశాను. స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 3.48 అంగుళాలు. బోరు, అంటే సిలిండరు వ్యాసం, 4 నుంచి 4.060కి వెళ్తే ఎనిమిది సిలిండర్లకూ కలిపి 350 కాస్తా 360 క్యూబిక్ అంగుళాలవుతుంది. చదివిన చదువు పనికొచ్చినందుకు సిగ్గులేకుండా సంబరపడ్డాను.

పిల్లలు ఇలాంటిది అడిగితే ముందు సిలిండరు గోడల మందం చూడమనండి. వ్యాసం అరవై థౌ పెరిగితే గోడ చుట్టూ ముప్పై థౌ తగ్గుతుంది. పోత పోసినప్పుడు లోపలి కోర్ (ఖాళీలు వదలడానికి పెట్టే ఇసుక అచ్చు) పక్కకు జరిగి ఉంటే ఒకవైపు గోడ మొదటి నుంచే పలచగా ఉంటుంది, పైకి తెలీదు. ధ్వని తరంగాలతో మందం కొలిచే సోనిక్ టెస్ట్ చేయిస్తే తెలుస్తుంది. పగుళ్లకు మాగ్నాఫ్లక్స్ అనే అయస్కాంత పరీక్ష. గోడ పలచనైతే ఒత్తిడికి కదులుతుంది, పిస్టను రింగులు పట్టు తప్పుతాయి, ఇంజను వేడెక్కుతుంది. పరుగు పది పన్నెండు సెకన్లలో అయిపోతుంది కాబట్టి రేసువాళ్లు వేడిని అంతగా లెక్కచేయరు. కొందరు సిలిండర్ల చుట్టూ చల్లటి నీరు తిరిగే జాకెట్లలో గట్టి ఫిల్లర్ పోసేస్తారు. పూర్తిగా నింపేసిన బ్లాకు రోజూ తిరిగే కారుకు పనికిరాదు, అది కూడా అడిగి తెలుసుకోవాలి. అరవై దాటాక సాధారణంగా మళ్లీ బోరు చేయడానికి ఏమీ మిగలదు. స్లీవులు, అంటే సిలిండర్లలో కొత్త గొట్టాలు, వేయించాలి, లేదంటే పాత ఇనుము రేటే.

రీబోరు అనే మాట నేను మొదట విన్నది విజయవాడ ఆటోనగర్‌లో, మా మేనమామ లేత్ వర్క్స్‌లో. “చదవకపోతే మామయ్య దగ్గర లేతు మీద పెడతా” అని మా నాన్న బెదిరించేవారు. మామయ్య గోళ్లలో గ్రీజు పెళ్లిళ్లకు కూడా వదిలేది కాదు. భోజనాల్లో ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా మేం వెళ్లి కూర్చునేవాళ్లం కాదు. చిన్నపిల్లలం, ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాం. ఇప్పుడు మావాడు ఆ లేతు దగ్గరికే తనంతట తను వెళ్తానంటున్నాడు. నా భయం రేసు గురించా, గ్రీజు గురించా? మన సంస్కృతి అంటూ వాడికి నేను చెప్పేవాటిలో ఆ ఖాళీ కుర్చీ వాటా ఎంతో తేల్చుకోలేకపోతున్నాను.

సోనిక్ టెస్ట్ రిపోర్టు లేనిదే డబ్బులివ్వనన్నాను. జాగ్రత్త అని వాడితో అన్నాను. వాయిదా పడితే చాలని లోపల ఉంది. వాడు అమ్మేవాణ్ణి ఒప్పించి, మెషీన్ షాపుకు ఫోన్ చేసి శనివారం పొద్దున టైము తీసుకున్నాడు. సరిగ్గా అదే టైముకి వాడు తెలుగు బడిలో చిన్నపిల్లలకు గుణింతాలు చెప్పాలి. కాలేజీ అప్లికేషన్‌లో బాగుంటుందని నేనే పట్టుబట్టి చేర్పించాను.

“ఈ వారానికి మానెయ్ రా, నేను మాట్లాడతాలే” అన్నాను. మాట్లాడాల్సింది మా ఆవిడతో.