కిటికీల గడకు నీటి అదుపు: తొమ్మిది నెలల పని చిట్టా

మార్చి, రెండవ వారం

ఇంగ్లాండులోని రెడింగ్ పట్టణంలో మేము ఉంటున్న ఇంటికి 14 కిటికీలు ఉన్నాయి. వాటిలో 8 పై అంతస్తులో ఉండడం వల్ల, నిచ్చెన ఎక్కే పని లేకుండా నేల మీద నిలబడే వాటిని కడగాలని నిశ్చయించుకుని, ఈ దేశంలో కిటికీలు కడగడమే వృత్తిగా ఉన్నవారు వాడే నీటి గడను సమకూర్చుకున్నాను. ఎత్తైన చోట్ల చేసే పనులపై 2005లో ఇక్కడ నిబంధనలు వచ్చిన తరువాత ఈ గడలు బాగా వ్యాప్తిలోకి వచ్చాయి. నాది 6 మీటర్ల ఫైబర్‌గ్లాస్ గడ. దాని లోపలి నుంచి 5 మి.మీ. రంధ్రమున్న సన్నని గొట్టం పైకి పోతుంది, కొసన ఉన్న బ్రష్‌కు నీరు చిమ్మే 2 మి.మీ. జెట్లు నాలుగు ఉన్నాయి. కింద చిన్న బండిలో 25 లీటర్ల డబ్బా, 12 వోల్టుల డయాఫ్రం పంపు, 22 ఆంపియర్-అవర్ బ్యాటరీ, డబ్బాకూ గడకూ మధ్య 6 మి.మీ. లోపలి వ్యాసం గల 30 మీటర్ల పైపు ఉన్నాయి. పంపు మీద గరిష్ఠ పీడనం 100 పీఎస్ఐ అనీ, నిమిషానికి 5 లీటర్లు అనీ ముద్రించి ఉంది.

ఈ పద్ధతికి ప్రాణం శుద్ధజలమే. రెడింగ్ నేల కింద సుద్దరాయి పొరలు ఉన్నందున కుళాయి నీరు బాగా కఠినమైనది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే నా టీడీఎస్ మీటరు 330 పీపీఎం (పది లక్షల భాగాలలో 330) చూపించింది. ఆ నీటితో అద్దం కడిగి వదిలేస్తే ఆరిన ప్రతి బిందువూ తెల్లని మచ్చగా మిగులుతుంది. అదే నీటిని రెజిన్ (ఆ లవణాలను పట్టుకునే గింజలు) నింపిన గొట్టం గుండా పంపి 0 పీపీఎంకు తెస్తే, తుడవకుండా వదిలేసినా అద్దం మచ్చ లేకుండా ఆరుతుంది. అయితే 7 లీటర్ల రెజిన్ ఈ కఠినజలం మీద నాకు సుమారు 550 లీటర్ల వరకే పనిచేసింది, ఆ తరువాత మార్చవలసి వచ్చింది. మొదటిసారి ఇల్లంతా కడగడానికి 22 నిమిషాలు పట్టింది, 66 లీటర్లు ఖర్చయ్యాయి, మధ్యలో రెండుసార్లు ఆగి డబ్బా నింపుకోవలసి వచ్చింది. ఆ లెక్కన రెజిన్ ఇల్లంతా ఎనిమిదిసార్లు కడగడానికి మించి రాదు. ధారను అదుపు చేయాలన్న పట్టుదల నాకు అక్కడ మొదలయింది.

ఏప్రిల్, మొదటి వారం

గడ మొదట్లో నా చేతికి అందే చోట పావు తిప్పుతో మూసుకునే చిన్న బాల్ వాల్వు బిగించాను. దానిని సగం మూస్తే ధార సగమవుతుందని నా ఊహ. సగం మూయగానే పంపు టకటకమని కొట్టుకోవడం, బ్రష్ దగ్గర నీరు ఎగిసి ఆగి మళ్లీ ఎగియడం మొదలయ్యాయి. పది నిమిషాలలో డబ్బా దగ్గర పైపును లోపలికి తోసి బిగించే జాయింటు ఒకటి ఊడి వచ్చింది.

ఆ సాయంత్రం ఈ సంగతి నాన్నగారికి ఫోనులో చెప్పాను. పల్నాడులో మా మిరప చేనికి బోరు ఉంది. అక్కడ గేటు వాల్వు నొక్కిపెట్టి నీరు తగ్గించడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. "బోరుకు లేని ఇబ్బంది ఆ చిన్న పంపుకు ఎందుకురా?" అని ఆయన అడిగిన ప్రశ్నే నాకు దారి చూపించింది. బోరులోని సబ్‌మెర్సిబుల్ మోటారు ఇంపెల్లర్లు (రెక్కల చక్రాలు) తిప్పి నీటిని ఎత్తే రకం కనుక, దారి ఇరుకైతే నీరు తక్కువ కదులుతుంది, దానితో మోటారు మీద బరువు కూడా సాధారణంగా తగ్గుతుంది. డయాఫ్రం పంపు అలాంటిది కాదు. అది ప్రతి తిప్పుకూ ఒక కొలత నీటిని పట్టుకుని ముందుకు నెట్టే యంత్రం. దారి ఇరుకైనా నెట్టడం మానదు కాబట్టి పీడనం పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, పీడనం 100 పీఎస్ఐకి చేరగానే దాని మీది స్విచ్ కరెంటును తెంచుతుంది, కొంత నీరు బయటికి పోయి పీడనం పడగానే మళ్లీ కలుపుతుంది. నేను విన్న టకటక ఆ స్విచ్‌దే. అందువల్ల ఈ పంపుకు వాల్వు అనేది పూర్తిగా తెరవడానికి లేదా పూర్తిగా మూయడానికే తప్ప ధార తగ్గించడానికి కాదని చిట్టాలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

ఏప్రిల్, చివరి వారం

ధార తగ్గాలంటే పంపు వేగమే తగ్గాలి. అందుకని బ్యాటరీకీ పంపుకూ మధ్య కంట్రోలర్ పెట్టెను అమర్చాను. ఇది కరెంటును సెకనుకు ఎన్నోసార్లు కలుపుతూ తెంచుతూ, కలిపి ఉంచే వ్యవధి నిష్పత్తిని బట్టి మోటారుకు చేరే సగటు వోల్టేజీని మార్చే పద్ధతిలో పనిచేస్తుంది. రెసిస్టరు పెట్టి వేడి రూపంలో శక్తిని పోగొట్టే పద్ధతికన్నా ఇది బ్యాటరీకి ఎంతో మేలు. బ్యాటరీ ధన తీగ మీద, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, 10 ఆంపియర్ల ఫ్యూజు తప్పక పెట్టాను. నీరు, బ్యాటరీ ఒకే బండిలో ఉన్నప్పుడు దీనిని వాయిదా వేయకూడదని నా గట్టి అభిప్రాయం.

పెట్టె తెర మీద 0 నుంచి 99 వరకు అంకెలు కనిపిస్తాయి కానీ అవి లీటర్లు కావు. కాబట్టి ఒక లీటరు గిన్నె, ఫోనులోని స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచాను. లీటరు 60 సెకన్లలో నిండితే నిమిషానికి 1 లీటరు, 40 సెకన్లలో నిండితే 1.5 లీటర్లు, 30 సెకన్లలో నిండితే 2 లీటర్లు అన్నమాట. మొదట నేల మీద బ్రష్ పెట్టి కొలిచి సంతోషించాను కానీ, గడ ఎత్తితే ఆ లెక్క నిలవదని వెంటనే అనుమానం వచ్చింది. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ (సుమారు 14.5 పీఎస్ఐ) పీడనం ఖర్చవుతుంది, అంటే పై కిటికీ దగ్గర బ్రష్ 4.5 మీటర్ల ఎత్తున ఉంటే 0.45 బార్ ఎత్తుకే పోతుంది. మా ఆవిడ పై గది కిటికీ తెరిచి బకెట్టు బయటికి పట్టుకుంటే, నేను కింద నుంచి బ్రష్‌ను ఆ బకెట్టులోకి వంచి మళ్లీ కొలిచాను. ఒకే అంకె మీద నేల దగ్గర 1.7 లీటర్లు వచ్చిన ధార పైన 1.4 లీటర్లే వచ్చింది. అప్పటి నుంచి కింది కిటికీలకు ఒక అంకె, పై కిటికీలకు మరొక అంకె పెట్టె మూత లోపల రాసి అంటించుకున్నాను.

మే

ధార 1.5 లీటర్లకు తగ్గించగానే కొత్త చిక్కు వచ్చింది. నీరు అద్దాన్ని తాకకుండా బ్రష్ కుచ్చుల వెంట జారిపోతోంది. పంపును పెంచుదామన్న కోరికను అణచుకుని కాగితం మీద లెక్క వేశాను. 2 మి.మీ. జెట్లు నాలుగింటి గుండా నిమిషానికి 1.5 లీటర్లు పోతే నీటి వేగం సెకనుకు సుమారు 2 మీటర్లే. రెండు జెట్లు మూసి రెండే ఉంచితే అదే నీరు సెకనుకు 4 మీటర్ల వేగంతో వెళ్తుంది. రెండింటిని బిరడాలతో మూసి చూస్తే ధార కుచ్చులను దాటి నేరుగా అద్దం మీద పడింది. ఖర్చులో చుక్క కూడా పెరగలేదు.

ఇంకా సన్నని 1.4 మి.మీ. జెట్లతో కూడా ప్రయత్నించాను. వేగం సెకనుకు 8 మీటర్లు అయింది కానీ, అద్దానికి కొట్టుకున్న నీరు చిందై గాలికి పక్కకు పోయింది. పైగా రెజిన్ గొట్టం నుంచి జారిన ఒకటి రెండు గింజలు జెట్టులో ఇరుక్కున్నాయి. డబ్బాకూ పంపుకూ మధ్య సన్నని జాలీ ఉన్న ఫిల్టరు పెట్టిన తరువాత గింజల బాధ తీరింది, అయినా నేను 2 మి.మీ. జెట్లకే తిరిగి వచ్చాను.

అద్దాలన్నీ ఒక తీరుగా ఉండవన్నది ఈ నెలలోనే అనుభవంలోకి వచ్చింది. మా ఇంటి కిటికీలలో చాలా వాటి మీద నీరు పల్చని తెరలా పరుచుకుని మురికిని తనతో దించుకుపోతుంది. వాటికి బ్రష్‌ను అద్దం మీదే ఉంచి పై నుంచి కిందికి నెమ్మదిగా దించితే సరిపోతుంది, 1.4 లీటర్లు చాలు. స్నానాల గది కిటికీ మాత్రం నీటిని నిలవనివ్వదు, తామరాకు మీది నీటిలా బిందువులుగా విడగొడుతుంది. ఆ బిందువులలో మురికి మిగిలితే అక్కడే ఆరి మచ్చ అవుతుంది. దానికి బ్రష్‌ను అద్దానికి కొంచెం ఎడంగా పట్టి, ధారను 2 లీటర్లకు పెంచి, పై అంచు వెంట ఎడమ నుంచి కుడికి రెండుసార్లు తీసుకువెళ్తున్నాను. ఏ కిటికీకైనా ముందు పై చట్రాన్ని, రబ్బరు అంచును కడిగి, ఆ మురికి దిగిపోయిన తరువాతే అద్దం పట్టుకోవాలి. ఈ వరుస తప్పితే చట్రం నుంచి ఆలస్యంగా కారే ఒక్క చార కోసం కిటికీ మొత్తం మళ్లీ కడగవలసి వస్తుంది.

జులై

పైపు మార్చితే పంపు మీద భారం తగ్గుతుందేమోనని 8 మి.మీ. పైపు 30 మీటర్లు తెచ్చాను. నిమిషానికి 1.5 లీటర్ల దగ్గర 6 మి.మీ. పైపులో రాపిడి వల్ల పోయే పీడనం నా లెక్క ప్రకారం 0.75 బార్, 8 మి.మీ. పైపులో 0.2 బార్. తేడా పెద్దదే. కానీ 6 మి.మీ. పైపు కడుపులో 0.85 లీటరు నీరు ఉంటే, 8 మి.మీ. పైపులో 1.5 లీటర్లు ఉంటుంది; పైపు సొంత బరువు కూడా ఎక్కువే. తోట చుట్టూ దానిని ఈడ్చుకు తిరిగిన రోజు నా నడుము ఆ తేడాను చెప్పింది. చివరికి 6 మి.మీ. పైపునే 20 మీటర్లకు కత్తిరించాను. రాపిడి 0.5 బార్‌కు దిగింది, బండిని ఒకసారి అదనంగా జరపడం తప్ప ఇబ్బంది ఏమీ లేదు. 100 మీటర్ల పైపు లాగే వృత్తిపనివారికి లావు పైపు అవసరం కావచ్చు, ఈ ఇంటికి కాదు.

సెప్టెంబరు

నీరు అన్నిటికన్నా ఎక్కువగా వృథా అయ్యేది అద్దం మీద కాదని, ఒక కిటికీ నుంచి మరొక కిటికీకి నడిచేటప్పుడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఏప్రిల్‌లో బిగించిన బాల్ వాల్వుకు ఇప్పుడు సరైన పని దొరికింది: కిటికీ కాగానే పూర్తిగా మూయడం, బ్రష్ తరువాతి అద్దాన్ని తాకిన తరువాత పూర్తిగా తెరవడం. వాల్వు మూసినప్పుడు మోటారు లాగే కరెంటు పెరగడాన్ని గుర్తించి కంట్రోలర్ పంపును ఆపుతుంది. పైపులో పీడనం పడగానే మళ్లీ నడిపిస్తుంది. ఇంత జాగ్రత్తతో కడిగిన రోజు మొత్తం 30 నిమిషాలు పట్టింది, వాల్వు తెరిచి ఉన్నది 21 నిమిషాలే, ఖర్చయిన నీరు 32 లీటర్లు. డబ్బా ఒక్కసారి మాత్రమే నింపాను.

ఈ ఆపే గుణాన్ని సరిదిద్దుకోవడానికి పెట్టెలో ఇంకొక అంకె ఉంటుంది. నా పెట్టెలో అది తక్కువైతే కంట్రోలర్ మరీ సున్నితమై, వాల్వు తెరిచి ఉన్నా మూసినట్లు భ్రమపడి పంపును ఆపేస్తుంది; ఎక్కువైతే వాల్వు మూసినా గమనించక, పీడనం స్విచ్ దాకా పోనిస్తుంది. రోజూ వాడే ధార పెట్టి, గడను పని ఎత్తుకు లేపి, అకారణంగా ఆగడం మానే వరకు ఈ అంకెను ఒక్కొక్కటిగా పెంచి, ఆ తరువాత వాల్వు మూసి పంపు ఒకటి రెండు సెకన్లలో ఆగుతోందో లేదో చూసుకోవాలి. నేను నేల మీద గడ పడుకోబెట్టి సరిదిద్దిన మొదటిసారి, పైకి ఎత్తగానే పంపు పదేపదే ఆగింది.

నవంబరు, రెండవ వారం

ఉదయం 5 డిగ్రీల చలిలో పని మొదలుపెడితే, సెప్టెంబరులో సరిదిద్దిన ఆ ఆపే అంకె మీదే పంపు మళ్లీ అకారణంగా ఆగసాగింది. 5 డిగ్రీల నీరు 20 డిగ్రీల నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు చిక్కగా కదులుతుంది, దానితో మోటారు ఎక్కువ కరెంటు లాగింది. అంకెను 4 పెంచితే కుదిరింది. వేసవి అంకె పక్కనే చలికాలపు అంకె కూడా మూత లోపల రాశాను. పని అయిన తరువాత వాల్వు తెరిచి, డబ్బా వైపు పైపు ఊడదీసి, పంపును కొద్ది సెకన్లు గాలి మీద నడిపి నీరంతా బయటికి తోస్తున్నాను. లోపల నీరు గడ్డకడితే పంపు తల పగులుతుంది కాబట్టి, పంపును, రెజిన్ గొట్టాన్ని రాత్రి షెడ్డులో ఉంచకుండా ఇంట్లోకి తెస్తున్నాను.