మన సరుక్కి మన సంతకమేనా?

ఈసారి సెలవుకి పర్లాకిమిడి వస్తే మావయ్య పెట్టిన చివాట్లు ఇంకా అరగలేదు. జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర నువ్వు చేసేదేటి అల్లుడూ అంటే చెప్పాను: పంపులకి కంట్రోల్ బాక్సులు చేస్తాం, వాటి కరెంటు గోల పక్కవాళ్ల రేడియోలోకి పోకూడదు, బయటి గోలకి అవీ ఆగిపోకూడదు, అది మేమే పరీక్షించి యూరప్ చట్టాలకి సరిపోయిందని చెప్పే సీఈ గుర్తు మేమే వేసుకుంటాం.

"మీ సరుక్కి మీరే సర్టిఫికెట్టా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది!" షాపులో నలుగురి ముందూ అనేశాడు.

కాదు మావయ్యా. ఒక పరికరం గోల ఇంకోదాన్ని చెడగొట్టకూడదనే యూరప్ ఈఎంసీ చట్టంలో (2014/30/ఈయూ, 2016 ఏప్రిల్ 20 నుంచి అమలు) రెండు దారులున్నాయి. పూచీ అంతా తయారీదారే నెత్తిన వేసుకోవచ్చు, లేదా నోటిఫైడ్ బాడీ అనే బయటి సంస్థకి డిజైన్ చూపించి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. రెండోది ఇష్టముంటేనే, తెచ్చుకున్నా చివరి సంతకం తయారీదారుదే. ఆ చట్టం కోసం యూరప్ గుర్తించిన ప్రమాణాలు, అంటే హార్మొనైజ్డ్ స్టాండర్డులు, పూర్తిగా పాటిస్తే చట్టం పాటించినట్టే లెక్క, లేదంటే ఎలా సరిపోయిందో మనమే కాగితం మీద నిరూపించుకోవాలి. ఎలా చేసినా ఆ కాగితాల ఫైలు పదేళ్లు దాచాలి.

ఇదంతా కూర్చుని ముద్ర గుద్దుకునే పని అనుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గోల కొలిచే చాంబర్లో గోడల నిండా కోసుగా పొడుచుకొచ్చిన నురుగు దిమ్మలు, తిరిగే బల్ల మీద మా బాక్సు, ఎదురుగా నాలుగు మీటర్ల ఎత్తు దాకా లేచి దిగే యాంటెన్నా. లోపలి పవర్ సప్లై, డిస్‌ప్లే అన్నీ సీఈ ఉన్నవే, అయినా కలిపి బిగించాక ఒక్క వైరు దారి మారితే చాలు, స్క్రీన్ మీద గీత హద్దు దాటేస్తుంది. ఇక అందరికీ టెన్షనే.

మావయ్య అమ్మే ఎల్ఈడీ బల్బుల పెట్టెల మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే ఆర్-నంబరుంటుంది. మంచిదే, షాక్ కొట్టకుండా, కాలకుండా చూసేది అది. కానీ అందులో ఒక రకం వెలిగిస్తే ఆయన రేడియోలో విశాఖపట్నం స్టేషను గీమంటుంది, దానికి పూచీ ఎవరో పెట్టె మీద నాకు కనబడలేదు.

"సంతకం సరే, అడిగేవాడెవడు?" అన్నాడు. బుండెస్‌నెట్జ్‌ఏజెంటూర్ అనే జర్మనీ ప్రభుత్వ సంస్థ వాళ్లు మార్కెట్లోంచి నమూనాలు తీసుకెళ్లి కొలుస్తారు, తేడా వస్తే అమ్మకం ఆపేయిస్తారు అన్నాను. ప్రతి పెట్టెనీ చూడరనీ ఒప్పుకున్నాను.

"మరి చూడని పెట్టె సంగతేటి?"

అప్పుడు మా సెక్షన్ పెద్దాయన గురించి చెప్పాను. పరీక్షకి పంపిన బాక్సులో గోల ఆపే ఫిల్టర్ ఒకటి, ఫ్యాక్టరీలో బిగిస్తున్నది ఇంకొకటి అని కనిపెట్టి, లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నా సంతకం పెట్టలేదాయన. సరుకు వారం ఆలస్యమైంది.

"జీతం కోశారా?" అన్నాడు మావయ్య. కొయ్యలేదు.