కార్లైల్ సంతలో పోత ఇనుము

పెన్సిల్వేనియాలో హ్యారిస్‌బర్గ్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లకు కార్లైల్ అంటే హైవే పక్కన బారులు తీరిన గోదాములు, లారీలు ఆగే పెట్రోలు బంకులు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తూ ఆ ఊరి బోర్డు చూసి దాటిపోతాం. ఆగస్టు నెలాఖరు వచ్చేసరికి మాత్రం ఆ ఊరి కళే మారిపోతుంది. అక్కడి 82 ఎకరాల మైదానంలోకి షెవర్లే వారి కార్వెట్ స్పోర్ట్స్ కార్లు వేల సంఖ్యలో దిగుతాయి. ఒక పక్క కార్ల ప్రదర్శన, ఇంకో పక్క విడిభాగాల సంత. జనం ఎక్కువగా ప్రదర్శన కోసమే వస్తారు. నన్ను ఏటా లాక్కెళ్లేది మాత్రం ఆ సంతే.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత తయారైన కార్లకు కూడా ఒక సంత ఉండాలని బిల్ మిల్లర్, చిప్ మిల్లర్ అనే ఇద్దరు మిత్రులు 1974లో ఇక్కడ మొదలుపెట్టారు. ఇంటిపేరు ఒకటే అయినా ఇద్దరికీ చుట్టరికం లేదు. చిప్ మిల్లర్‌కు కార్వెట్ అంటే ప్రాణం. 1982 నుంచి కార్వెట్లకే ప్రత్యేకంగా ఈ ఆగస్టు జాతర జరుగుతోంది. 2004లో ఆయన కన్నుమూసినా జాతర ఆగలేదు.

నన్ను మొదట అక్కడికి తీసుకెళ్లింది మా పక్కింటి పెద్దాయన. యంత్రాల షాపులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన గ్యారేజీలో 1967 నాటి కార్వెట్ ఒకటి ఉంది. నాది ఒక ప్రభుత్వ శాఖకు కాంట్రాక్టు మీద చేసే కంప్యూటర్ పని. తోటివాళ్ల ముఖాలు కూడా తెర మీద చిన్న చిన్న గడుల్లోనే కనిపిస్తాయి. కాంట్రాక్టు పొడిగిస్తారా, వీసా కాగితాలు ఎంతవరకు వచ్చాయి, గ్రీన్ కార్డు వరుస ఈ నెల కదిలిందా అన్న మూడు ప్రశ్నల చుట్టూనే మా ఇళ్లలో మాటలు తిరుగుతాయి. ఏళ్ల తరబడి ఈ దేశంలో ఉన్నా, జీతం ఇచ్చే మనిషితో, అద్దె తీసుకునే మనిషితో తప్ప ఇక్కడి వాళ్లతో కూర్చుని ఏదో ఒక వస్తువు గురించి గంటసేపు మాట్లాడిన సందర్భం నాకు రాలేదు. ఆ సంతలో వచ్చింది.

టెంట్ల కింద, బల్లల మీద, నేల మీద పరిచిన టార్పాలిన్ల మీద ఎటు చూసినా ఇనుమే. పాత కార్బురేటర్లు, తలుపు పిడులు, గడియారాలు, స్టీరింగు చక్రాలు, చక్రం మూతలు. అరవై ఏళ్ల కిందట కంపెనీ తయారుచేసి, ఇప్పటిదాకా ఎవరూ విప్పని అట్టపెట్టెలో అలాగే ఉండిపోయిన కొత్త భాగాలు. వాటిని అద్దాల బీరువాలో పెట్టి అమ్ముతారు. 1957 నుంచి 1965 దాకా కొన్ని కార్వెట్లకు అమర్చిన రోచెస్టర్ ఫ్యూయల్ ఇంజెక్షన్ యూనిట్లు కూడా కనిపిస్తాయి. ఎలక్ట్రానిక్ పరికరాల ఊసే లేని రోజుల్లో గాలి పీడనాన్ని బట్టి పెట్రోలును కొలిచి పంపిన యంత్రం అది. దాని చుట్టూ మూగిన వాళ్లు ముట్టుకోరు, వంగి చూస్తారు.

అమ్మేవాళ్లలో వ్యాపారులతో పాటు గ్యారేజీ ఖాళీ చేసుకోవడానికి వచ్చిన ముసలివాళ్లు కూడా చాలామంది ఉంటారు. ఒక్కో భాగానికి ఒక్కో కథ చెబుతారు. వినేవాళ్లకు ఓపిక ఉంటే ధర కాస్త తగ్గుతుంది కూడా. అమెరికావాళ్లు పాతదైతే పారేస్తారని మన ఊళ్లలో ఒక మాట స్థిరపడిపోయింది. ఇంట్లో ఫ్రిజ్జు విషయంలో అది నిజమేనేమో. ఒక తలుపు గొళ్లెం కోసం మూడు రాష్ట్రాలు దాటి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని పెట్టెలో వెతుకుతున్న మనిషిని చూశాక ఆ మాట నేను మళ్లీ అనలేదు.

ఇక పెద్దాయన వెతుకులాట సంగతి. ఆయన కారుకు పుట్టుకతో వచ్చిన ఇంజను ఏనాడో పోయింది. పాత యజమాని ఎవరో వేరే ఇంజను వేశారు. కారు 1967 వేసవి మొదట్లో సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. దానికి కొద్ది వారాల ముందు పోతపోసిన ఇంజను బ్లాకు, అంటే సిలిండర్లన్నీ ఉండే ఇనుప మొండెం, కావాలని ఆయన ఆశ. బ్లాకును పోసేటప్పుడే తేదీ అచ్చులో ఉంటుంది. వెనక, గేరుబాక్సు బిగించే వైపు ఇనుములోనే ఉబ్బెత్తుగా ఒక అక్షరం, తరువాత అంకెలు. ఎ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా పన్నెండు నెలలకు పన్నెండు అక్షరాలు. ఆ తరువాత తారీకు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. ముందు పోత, తరువాత ఇంజను కూర్పు, ఆ తరువాత కారు. ఈ వరుస తప్పితే ఆ బ్లాకు ఆ కారుది కాదని తేలిపోతుంది. ఈ లెక్క ఆయన నాకు చెప్పినప్పుడు జాతకం చూసే మనిషి పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

ఈసారి ఒక టెంటు చివర చెక్క దుంగల మీద పెట్టిన బ్లాకు దగ్గర ఆయన ఆగిపోయారు. జేబులోంచి తీగల బ్రష్షు తీసి వెనకవైపు రుద్దారు. అక్షరం 'ఇ', అంటే మే నెల. చివర 7. ఆయన చెయ్యి అక్కడే నిలిచిపోయింది. తరువాత భూతద్దం నా చేతికిచ్చి, "ముందు వైపు చూడు. నీకేం కనిపిస్తోంది?" అని అడిగారు.

ముందు భాగంలో కుడిపక్క, సిలిండర్ల పై మూత (హెడ్డు) కూర్చునే చోటికి కాస్త ముందు, రెండు వేళ్ల వెడల్పున నున్నటి మెట్టు ఉంటుంది. ఇంజను కూర్చిన తేదీ, రకం, కారు వరుస సంఖ్య అక్కడే గుద్దుతారు. ఈ బ్లాకు మీద అంకెలు లేవు. లోహం శుభ్రంగా ఉంది. భూతద్దంలో చూస్తే సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకు వంపు తిరిగి ఉన్నాయి. "ఇది ఫ్యాక్టరీ కోత కాదు, తరువాత ఎవరో మిల్లింగ్ కట్టర్‌తో పైపొర తీశారు" అన్నాను.

ఆయన నా వైపు చూసిన తీరు నాకు ఇంకా గుర్తుంది. ఫ్యాక్టరీలో ఆ ఉపరితలాన్ని బ్రోచింగ్ యంత్రంతో కోసేవారు. వరుస పళ్లున్న పొడవాటి పనిముట్టు ఒకే ఊపులో సాగిపోతుంది. అది వదిలే గీతలు తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా ఉంటాయి. తిరిగే కట్టర్ వదిలే గీతలు వంపు తిరుగుతాయి. పుట్టుకతో వచ్చిన ఇంజను ఉన్న కారుకు ధర చాలా ఎక్కువ కాబట్టి, పాత అంకెలు చెరిపి కొత్తవి గుద్దే మోసగాళ్లు ఉన్నారు. అంకెలు గుద్దడం తేలికే, తిన్నటి గీతలను మళ్లీ తేవడం కష్టం. అందుకే తెలిసినవాళ్లు అంకెల కన్నా ముందు గీతలు చూస్తారు. అమ్మే మనిషి నిజాయితీపరుడు. ఇంజను మరమ్మతులో హెడ్డు సరిగా కూర్చోవడానికి ఫేసింగ్ చేయించారని, అంటే పైభాగాన్ని చదునుగా కోయించారని, అంకెలు అప్పుడే పోయాయని తనే చెప్పాడు.

"ఇది నీకెలా తెలుసు?" అని పెద్దాయన అడిగారు. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను సిలిండర్లను లోపల కోసి సరిచేసే బోరింగ్ షెడ్డు ఉందని అప్పుడు చెప్పాను. లేలాండు, టాటా లారీల బ్లాకులు మా ముంగిట్లో వరసగా పడి ఉండేవి. సెలవుల్లో నా పని వాటిని కిరసనాయిలుతో కడగడం. కడిగాక నాన్న ఒక్కో బ్లాకును వెలుతురుకు తిప్పి, ఇంతకుముందు ఎవరి షెడ్డులో ఏ యంత్రం మీద కోశారో గీతలు చూసి చెప్పేవారు. నా చేతికి గ్రీజు అంటకూడదని, కంప్యూటర్ చదువు చదవాలని పట్టుబట్టింది కూడా ఆయనే. ఆటోనగర్‌లో మా వయసు పిల్లలందరి ఇళ్లలోనూ అదే మాట. ఆ షెడ్డులోంచి బయటపడడమే ఎదగడం అనుకుని పెరిగాం. నేను నా బయోడేటాలో నాన్న వృత్తి గురించి ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు, ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు. ఆ టెంటు కింద అడిగినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం నాన్నకు చెందాలి. చేతి పని తెలిసిన మనిషికి అక్కడ ఇచ్చే గౌరవం మా ఆటోనగర్ మేస్త్రీలకు మన ఊళ్లో దక్కలేదని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్లు అంతకు ఏమాత్రం తక్కువ తిన్నవాళ్లు కారు.

తరువాత పెద్దాయన బ్లాకు రెండు పక్కలా వేలితో తడుముతూ చాలాసేపు చూశారు. చలి ప్రాంతాల్లో ఇంజనులోని నీళ్లు గడ్డకడితే బ్లాకు గోడ పక్కన పొడవునా చీలుతుందట. ఇది మాత్రం నాకు కొత్త. సిలిండర్లు కొలిస్తే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 30 పెంచి బోరు చేసినట్టు తేలింది. దానికి తగిన పిస్టన్లు బజారులో సులువుగా దొరుకుతాయి. బేరం కుదిరింది. దాదాపు 70 కిలోల ఇనుమును ఇద్దరం, అమ్మిన మనిషి కలిసి తోపుడు బండి మీదికి ఎత్తాం.

దారిలో అడిగాను, ఖాళీగా ఉన్న ఆ మెట్టు మీద కారు సంఖ్య గుద్దిస్తారా అని. "లేని అంకె నేను గుద్దను. దాన్ని ఖాళీగానే ఉంచుతాను. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను" అన్నారు.

మధ్యాహ్నం ప్రదర్శన వైపు వెళ్లాం. 1953లో మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో మొదట తయారైనవి 300 కార్లే. అన్నీ తెల్లవే, లోపలి సీట్లు ఎర్రవి. ఆరు సిలిండర్ల ఇంజను, రెండే గేర్ల ఆటోమేటిక్. చూడడానికి బాగుంది గానీ పరుగు లేదు. దానికి పరుగు నేర్పిన ఇంజనీర్లలో ముందు చెప్పుకోవలసిన పేరు జోరా ఆర్కస్ డంటోవ్. బ్రస్సెల్స్‌లో రష్యన్ యూదు కుటుంబంలో పుట్టి, బెర్లిన్‌లో చదివి, నాజీల దండయాత్రకు ఫ్రాన్స్ కూలిపోతున్నప్పుడు ప్రాణాలు దక్కించుకుని అమెరికా చేరిన మనిషి. 1953 జనవరిలో న్యూయార్క్ ప్రదర్శనలో ఆ కారును చూసి, తన ఆలోచనలు రాసి కంపెనీకి ఉత్తరం పంపాడు. ఉద్యోగం వచ్చింది. 1975లో రిటైరయ్యేదాకా ఆయన ఇంగ్లిషులో రష్యన్ యాస పోలేదు. ఇంజను డ్రైవరు వెనక ఉండాలని ఆయన దశాబ్దాల పాటు నమూనా కార్లు కట్టి మరీ వాదించాడు. కంపెనీ ఖర్చుకు వెనకాడింది. 1996లో ఆయన పోయాడు. ఇంజను వెనక ఉన్న కార్వెట్‌ను కంపెనీ 2019 జులైలో లోకానికి చూపించింది.

1963 కార్వెట్ రూపకల్పనలో ప్రధాన పాత్ర లారీ షినోడాది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పశ్చిమ తీరంలోని ఎందరో జపాను సంతతి వాళ్లతో పాటు ఆయన కుటుంబాన్ని కూడా కాలిఫోర్నియాలోని మాంజనార్ నిర్బంధ శిబిరంలో ఉంచారు. అప్పటికి ఆయన చిన్న పిల్లవాడు. వెనక అద్దం మధ్యలో నిలువు పట్టీ ఉన్న ఆ ఒక్క ఏడాది కారు ముందు జనం వరుసలో నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. వీసా వరుసలో నిలబడి ఉన్న నాలాంటి వాడికి ఈ ఇద్దరి పేర్లూ తెలిసి ఉండాలి. ఈ దేశం తన సొంత గుర్తుగా చెప్పుకునే కారు వాళ్ల చేతుల మీదుగా నిలబడింది.

కొత్త మోడల్ కార్ల వరుసలో తెలుగు మాటలు వినిపించాయి. న్యూజెర్సీ నుంచి వచ్చిన కుర్రవాళ్లు, ఒకరిది పసుపు రంగు కారు. బాగా మాట్లాడారు. సంత వైపు ఇంకా వెళ్లలేదన్నారు. తప్పకుండా వెళ్లమని, శుక్రవారం పొద్దున్నే వస్తే ఇంకా మంచిదని చెప్పాను. శనివారానికి మంచి సరుకు అయిపోతుంది. గట్టి బూట్లు, నీళ్ల సీసా, తలకు టోపీ ఉండాలి. ఆగస్టు ఎండకు ఆ గడ్డి మైదానంలో నీడ దొరకదు.

ఆ రాత్రి వీడియోలో నాన్నకు బ్లాకు ఫొటోలు చూపించాను. ఆయన మొదటి ప్రశ్న, "ఏరా, బోరు ఎంత ఉంది? గోడల్లో తుప్పు గుంటలు చూశారా?" అని. నీళ్లు గడ్డకట్టి బ్లాకు చీలుతుందని చెబితే నమ్మలేక రెండుసార్లు అడిగారు. తరువాత పెద్దాయనను ఫోను దగ్గరికి పిలవమన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో నేను ఉన్నాను గానీ చాలా చోట్ల నా అవసరం పడలేదు. వేళ్లతో కొలతలు చూపించుకుంటూ మాట్లాడుకున్నారు.

అమ్మానాన్నలు అక్టోబరులో వస్తున్నారు. అప్పటికి కార్వెట్ల జాతర అయిపోతుంది. కానీ ఇక్కడికి గంట లోపు దూరంలోనే ఉన్న హెర్షీలో అక్టోబరు మొదట్లో ఇంతకన్నా పాత కార్ల సంత జరుగుతుంది, 1955 నుంచి అదొక పెద్ద ఆనవాయితీ. అక్కడికి తన కారులోనే తీసుకెళ్తానని పెద్దాయన మాటిచ్చారు. నాన్న సిలిండరు లోపలి వెడల్పు కొలిచే తన బోరు గేజీ వెంట తెచ్చుకోవచ్చా అని అడుగుతున్నారు. చేతి సంచిలో వద్దు, పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టమన్నాను.