పురోహితుడి పీట మీద మా స్నేహితురాలు

పెళ్లిని ఎవరు జరిపిస్తే చట్టం ముందు చెల్లుతుంది అన్న ప్రశ్నకు అమెరికాలో ఒక జవాబు ఉంది, మన దగ్గర పూర్తిగా వేరే జవాబు ఉంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో పెళ్లి జరిపించే మనిషికి ఒక అధికారం ఉండి తీరాలి, కాని ఆ అధికారం సంపాదించుకోవడం సులువు. కాలిఫోర్నియాలోని మొడెస్టోలో పుట్టిన యూనివర్సల్ లైఫ్ చర్చి అడిగిన వారందరికీ, వాళ్లు ఇంట్లో కూర్చుని ఉండగానే, మతాచార్య హోదా ఇస్తుంది. మసాచుసెట్స్‌లో గవర్నరు పేరు మీద ఒక స్నేహితుడికి ఒకే పెళ్లికి, ఒకే రోజుకు అనుమతి దొరుకుతుంది. కొలరాడోలో వధూవరులు తమ పెళ్లిని తామే జరుపుకొని సంతకాలు పెట్టుకోవచ్చు. టెనెసీ మాత్రం ఇంటర్నెట్‌లో హోదా పొందినవారు జరిపించే పెళ్లిళ్లు కుదరవని 2019లో చట్టం చేసింది, అది కోర్టుకెక్కింది. మా మేనమామ కూతురి పెళ్లిని డాలస్‌లో ఆమె కాలేజీ స్నేహితుడు జరిపించాడని విన్నప్పటి నుంచి, మా పెళ్లిని ఉస్మానియా రోజుల నుంచి మా ఇద్దరికీ స్నేహితురాలైన సంస్కృతం లెక్చరర్ చేత జరిపించుకోవాలన్న కోరిక నాకూ, నాకు కాబోయే ఆయనకూ బలంగా పట్టుకుంది.

హైదరాబాదులో ఇది చెల్లుతుందా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పారు. గుడిలో రసీదు ఉంటే తప్ప చెల్లదని ఒకరు, రిజిస్టర్ చేయించుకుంటే ఎవరు చేసినా ఒకటేనని మరొకరు. రెండూ నిజం కావు.

1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఏడవ సెక్షన్ చాలా చిన్నది. వధూవరులలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం, ఆ ఆచారంలో ఉన్న క్రతువులతో పెళ్లి జరగాలని, ఆ క్రతువులలో సప్తపది ఉన్నట్లయితే ఏడో అడుగు పడగానే పెళ్లి పూర్తయి ఇద్దరినీ బంధిస్తుందని మాత్రమే అది చెబుతుంది. ఆ క్రతువులను ఎవరు చేయించాలో, ఆ మనిషి ఏ కులం వాడై ఉండాలో, మగవాడే కావాలో, ఎక్కడైనా చదివి వచ్చి ఉండాలో అందులో ఒక్క మాట కూడా లేదు. అంటే మన చట్టం చూసేది పీట మీద కూర్చున్న మనిషిని కాదు, ఆ పీటల మీద జరిగిన పనిని. రిజిస్ట్రేషన్ ఆ పనికి రుజువు మాత్రమే అవుతుంది, దానికి బదులు కాలేదు. క్రతువు ఏదీ జరగకుండా సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకున్న ఒక జంట విషయంలో 2024లో సుప్రీంకోర్టు అది హిందూ వివాహమే కాదని స్పష్టంగా చెప్పింది. హైదరాబాదులో చాలామందికి పెళ్లి సర్టిఫికెట్ గుర్తుకు వచ్చేది డిపెండెంట్ వీసా దరఖాస్తు నింపేటప్పుడే గనుక, కాగితమే పెళ్లి అన్న భ్రమ ఈ ఊళ్లో కొంచెం ఎక్కువేమోనని నాకు అనిపిస్తుంది.

పురోహితుడు లేని పెళ్లి తెలుగువారికి కొత్తేమీ కాదు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులోనే పెళ్లి తంతు నడిచేలా వివాహవిధిని రాసి, తానే ముందు కూర్చుని పెళ్లిళ్లు చేయించాడు. ఆ తరువాత హేతువాదుల ఇళ్లలోను, కమ్యూనిస్టుల ఇళ్లలోను పార్టీ పెద్దో, ఊరి మాస్టారో అధ్యక్షత వహించగా దండలు మార్చుకుని ప్రమాణం చదివే స్టేజి పెళ్లిళ్లు ఎన్నో జరిగాయి. మాకు మొదట నచ్చిన పద్ధతి ఇదే. అయితే ఇక్కడే జాగ్రత్త పడవలసిన చిక్కు ఒకటి ఉంది. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టానికి సవరణ తెచ్చి, బంధువులో స్నేహితులో ఎదురుగా ఉండగా ఇద్దరూ తమకు అర్థమయ్యే భాషలో ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెప్పినా, దండలు మార్చుకున్నా, ఉంగరాలు తొడుక్కున్నా, తాళి కట్టినా పెళ్లి చెల్లుతుందని 7-ఎ సెక్షన్‌గా రాసుకుంది. అలాంటి పెళ్లిని న్యాయవాదులు స్నేహితులుగా జరిపించవచ్చునని 2023లో సుప్రీంకోర్టు కూడా అంగీకరించింది. తెలంగాణలో ఆ సవరణ లేదు. ఇక్కడ దండలు మాత్రమే మార్చుకుని ఊరుకుంటే, రేపు ఆస్తి విషయంలోనో మనోవర్తి విషయంలోనో పేచీ వచ్చినప్పుడు, మా కుటుంబ ఆచారం ఇదేనని నిరూపించుకోవలసిన బరువు ఆ భార్య మీదనే పడుతుంది. తమిళనాడులో ఎప్పుడో తెచ్చుకున్న ఆ చిన్న సవరణను, ఇన్ని ఆదర్శ వివాహాలు చూసిన మన ప్రభుత్వాలు ఎందుకు తెచ్చుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అందువల్ల మేము క్రతువులను వదులుకోలేదు, చేయించే మనిషిని మాత్రమే మార్చుకున్నాము. రెండు ఇళ్లలోనూ పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఏది లేకపోతే వాళ్ల లెక్కలో పెళ్లి కాదో మా స్నేహితురాలు ఓపికగా అడిగి రాసుకుంది. జీలకర్ర బెల్లం, పుస్తె మెట్టెలు, తలంబ్రాలు, ఏడడుగులు రెండు వైపులా ఉమ్మడిగా తేలాయి. కన్యాదానం అక్కరలేదని నేను పట్టుబట్టాను. మా బాపు రెండు రోజులు ముఖం ముడుచుకుని, తరువాత ఒప్పుకున్నాడు. అందరికన్నా గట్టిగా అడ్డు చెప్పింది మా నాయనమ్మ. “అయ్యగారు లేని పెండ్లి పెండ్లెట్లయితది బిడ్డా, రేపు నలుగురు ఏమంటరు?” అని ఆమె అడిగినప్పుడు మా స్నేహితురాలు చట్టం గురించి మాట్లాడలేదు, నాయనమ్మ ముందే కూర్చుని సప్తపది మంత్రాలను స్వరంతో చదివి, ఒక్కొక్కదానికి తెలుగులో అర్థం చెప్పింది. మొదటి అడుగు అన్నం కోసమని, రెండవది బలం కోసమని, ఏడవ అడుగు దగ్గర వరుడు వధువును తనకు స్నేహితురాలివి కమ్మని అడుగుతాడని విన్న నాయనమ్మ, తన పెళ్లిలో అయ్యగారు ఇవేమీ చెప్పలేదని కాస్త కోపగించుకుంది. ముహూర్తం మాత్రం సిద్ధాంతి చేతనే పెట్టించాలని షరతు పెట్టింది, దానికి మేము అభ్యంతరం చెప్పలేదు.

పెళ్లి రోజున పని అనుకున్నంత సులువుగా సాగదని ఇలా చేయించుకోదలచిన వారికి చెప్పాలి. పురోహితుడు మంత్రాలు చదివే మనిషి మాత్రమే కాదు. పళ్లెంలోకి ఏది ఎప్పుడు రావాలో, ఫొటోగ్రాఫర్‌ను ఎప్పుడు పక్కకు జరపాలో, బాజా ఎప్పుడు మోగాలో చేతి సైగతో నడిపించే మేనేజరు కూడా. ఆ అనుభవం స్నేహితులకు ఉండదు. మా స్నేహితురాలు తన పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని సామాన్ల సంగతి ఆమెకు అప్పగించింది గనుక ముహూర్తం తప్పలేదు. సంభావన తీసుకోనని ఆమె అన్నప్పుడు, ఉత్త చేతులతో పంపితే పుణ్యం దక్కదని నాయనమ్మ పట్టుచీర, తాంబూలం బలవంతంగా చేతిలో పెట్టింది.

రిజిస్ట్రేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వయసుకూ చిరునామాకూ రుజువులు, ముగ్గురు సాక్షులు ఉంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పని అయిపోయింది. పుస్తె కట్టేటప్పటివి, ఏడడుగులవి స్పష్టంగా కనిపించే ఫొటోలు పెట్టుకోవడం మంచిది. సాక్షులలో ఒకరుగా మా స్నేహితురాలే సంతకం పెట్టింది.

ఇతర మతాల వారికి దారులు వేరు. ముస్లింలలో ఖాజీ ఉంటేనే నిఖా అన్న నియమం లేదు. 1880 నాటి ఖాజీల చట్టమే పెళ్లికి ఖాజీ హాజరు తప్పనిసరి కాదని చెబుతుంది. అయినా మన నగరంలో నిఖాకు రుజువు పత్రమైన సియాహనామా ఇచ్చేది ఖాజీయే గనుక ఆచరణలో ఆయనను పిలవని ఇల్లు అరుదు. క్రైస్తవుల విషయంలో చట్టం చాలా కఠినంగా ఉంటుంది. 1872 నాటి చట్టం ప్రకారం అధికారం లేనివారు క్రైస్తవ వివాహం జరిపిస్తే 10 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు.

ఈ సంగతి మా స్నేహితురాలికి ఇటీవల అక్కరకు వచ్చింది. మా పెళ్లి చూసిన మా ఆయన సహోద్యోగి ఒకతను, తమ పెళ్లి కూడా చేయించమని ఆమెను అడిగాడు. అతను హిందువు, అమ్మాయి క్రైస్తవురాలు. హిందూ వివాహ చట్టానికి ఇద్దరూ హిందువులై ఉండాలి గనుక ఏడడుగులు వేయించినా అది చెల్లదని ఆమె చెప్పి, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వైపు వాళ్లను మళ్లించింది. ఆ చట్టం కింద నోటీసు ఇచ్చి, అది అందరికీ కనిపించేలా కార్యాలయంలో అంటించి ఉండగా 30 రోజులు ఆగాలి. ఇంట్లో ఒప్పుకోని జంటలకు ఆ నోటీసే పెద్ద గండమని, ఆ నియమం ఇంకా ఉండటం అన్యాయమని నా అభిప్రాయం. అదృష్టవశాత్తు వీళ్ల ఇళ్లలో గొడవ లేదు. వివాహ అధికారి, ముగ్గురు సాక్షులు వింటుండగా ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామన్న వాక్యాన్ని ఇద్దరూ పలికితే చాలు, మిగిలిన తంతును తమకు నచ్చిన పద్ధతిలో జరుపుకోవచ్చునని ఆ చట్టమే అంటోంది. అదనపు రుసుము కడితే అధికారి దగ్గరలోని హాలుకు వచ్చే వీలు కూడా అందులో ఉంది. నోటీసు గడువు ఇంకా ముగియలేదు. ఆ లోపల అమ్మాయి వాళ్లమ్మ కోరిన బైబిలు వాక్యాలను, అబ్బాయి తాతగారు కోరిన తలంబ్రాలను ఏ వరుసలో పెట్టాలా అని మా స్నేహితురాలు కాగితం మీద కొట్టివేతలతో కుస్తీ పడుతోంది.