మినిట్స్‌లోకి ఎక్కిన రెండు వాక్యాలు

2019 జనవరిలో మహిళా రిజర్వేషన్‌లో సర్పంచ్‌గా గెలిచాను. మాది సూర్యాపేట జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీల పక్కనుండే ఊరు. గెలిచింది నేనే అయినా ఊళ్లో ‘సర్పంచ్ సాబ్’ మాత్రం మా ఆయనే. 2022లో సున్నపురాయి గని విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు వస్తే, పంచాయతీ సెక్రటరీ ఫోన్ చేసింది కూడా ఆయనకే. ఆయన ఆ కాగితం తెచ్చి నా ముందు పడేసి, “ఇదంతా నాతోని కాదు, నువ్వే చూసుకో” అన్నాడు. ఆ ఐదేళ్లలో ఆయన నాకు చేసిన పెద్ద సాయం అదే.

నోటీసుకూ సభకూ మధ్య కనీసం 30 రోజులు ఉండాలని పర్యావరణ అనుమతుల మీద 2006లో వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ చెబుతుంది. గని వల్ల నీళ్లకూ, గాలికీ, ఇళ్లకూ ఏమవుతుందో చెప్పే కంపెనీ ఇంగ్లిషు నివేదిక ఇటుకంత లావుంది. తెలుగు సారాంశం పాతిక పేజీలు కూడా లేదు. దాన్ని జిరాక్స్ తీయించి, సంఘం మీటింగులో పొదుపు లెక్కలు అయ్యాక రోజుకు రెండు పేజీల చొప్పున చదివించాను. మొదటి మూడు రోజులు సగం మంది కునికిపాట్లే.

నాలుగో రోజు ‘భూగర్భ జలాల వివరాలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సేకరించారు’ అన్న లైను వచ్చింది. వెనక కూర్చున్న ఒక అవ్వ నవ్వింది. “చలికాలం మా బోర్లు గూడ మంచిగనే పోస్తయి బిడ్డా. ఏప్రిల్‌ల వచ్చి కొలవమను.”

ఆ మాట మాకెవరికీ తట్టలేదు.

బ్లాస్టింగు సంగతికి వేరే నోటుబుక్కు పెట్టాం. గనికి దగ్గరున్న వాడలో పదకొండు ఇళ్లవాళ్లు తేదీ, టైము, ఏం కదిలిందో రాయాలి. ‘మధ్యాహ్నం 2:10, అరలో గ్లాసులు గలగలమన్నయి, తలుపు పైన పగులు’ అని ఒకామె బొగ్గుముక్కతో గోడ మీద రాసి, సాయంత్రం మా చేత బుక్కులో ఎక్కించేది. ఇళ్ల దగ్గర భూమి ఎంతవరకు అదరొచ్చో, గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ 1997లోనే లెక్క కట్టిందని గనుల్లో పనిచేసి రిటైరైన మా చిన్నాన్న చెప్పాడు. నెమ్మదిగా ఊగే అదురైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదట. అది దాటిందో లేదో గ్లాసులు చెప్పవు కదా. అందుకే వాడ చివర మీటరు పెట్టమని అడుగుదామనుకున్నాం.

సభను బహిష్కరిద్దామని కుర్రాళ్లు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. ఆ సభకు ఇంతమంది రావాల్సిందే అన్న కోరం అంటూ లేదు. మనం పోకున్నా అది జరిగినట్టే రాసుకుంటారు. పైగా అక్కడ ఓటింగు ఉండదు. ఎంతమంది అరిచారని ఎవరూ చూడరు, కాగితం మీద ఏం మిగిలిందో అదే పై కమిటీకి పోతుంది.

సభ రోజు షామియానా, కూలర్లు, వీడియో కెమెరా. అదనపు కలెక్టర్ అధ్యక్షత. ఉద్యోగాలు వస్తాయని, గుడి కట్టించారని చెప్పేవాళ్లతోనే రెండు గంటలు గడిచాయి. నా పేరు పిలిచేసరికి గొంతు ఎండిపోయింది. మైకు ఎత్తుగా ఉంది, దాన్ని కిందికి దించడం నాకు రాలేదు. మునివేళ్ల మీద నిలబడే మాట్లాడాను. నీళ్లు, మీటరు, అంతే. అవ్వ మాట అవ్వ పేరు మీదే చెప్పాను.

అసలు టెన్షన్ చివర్లో. సభ సారాంశాన్ని, అంటే మినిట్స్‌ను, అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. చదివారు. ‘స్థానికులు నీటి సమస్య, దుమ్ము, శబ్దం గురించి ప్రస్తావించారు.’ మూడు వారాల చదువు ఒక్క ముక్కలో అయిపోయింది. అప్పటికే జనం భోజనాల వైపు కదిలారు. మా సంఘం ఆడవాళ్లు మాత్రం కుర్చీల్లోంచి లేవలేదు. నేను లేచి, “సార్, మేం అడిగింది అట్ల కాదు” అన్నాను. అదనపు కలెక్టర్ విసుక్కుంటారనుకున్నా, కానీ పెన్ను తీసి, “చెప్పమ్మా, ఎట్ల రాయాలి?” అన్నారు.

ఏప్రిల్, మే నెలల్లో కూడా నీటిమట్టం కొలవాలి. వాడ చివర కంపనాలు కొలిచే మీటరు పెట్టాలి. నేను చెప్పాను, ఆయన రాయించారు, మళ్లీ చదివించారు. తర్వాతే సంతకం.

మరుసటి ఏడు అనుమతి వచ్చింది. షరతులతో ఉన్న కాపీ పంచాయతీకి వస్తే ముందుగా ఆ రెండూ వెతికాను. రెండూ ఉన్నాయి. మీటరు స్కూలు గోడ పక్కన పెట్టారు. నీళ్ల సంగతి వేరు. ఆరు నెలలకోసారి కంపెనీ ఇచ్చే నివేదికలో ఆ షరతు ఎదురుగా ‘పాటిస్తున్నాము’ అని ఒక్క మాటే ఉంది, అంకెలు లేవు.

నా పదవి 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది. ఆ ఏప్రిల్‌లో సంఘం వాళ్లతో కలిసి తాడుకు రాయి కట్టి మేమే నాలుగు బావులు కొలిచాం. ఆ అంకెలు అదే నోటుబుక్కులో ఉన్నాయి, బ్లాస్టింగు టైముల తర్వాతి పేజీలో. వాటిని పట్టుకుని కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకు ఇప్పటికి రెండుసార్లు వెళ్లొచ్చాం.