గిన్నె నా దాకా వచ్చింది

చర్చిలో ప్రభు భోజనం వేళ, సంఘపెద్ద ద్రాక్షారసం గిన్నెల పళ్లెం పట్టుకుని నా ముందు ఆగారు. చేయి చాచలేకపోయాను. రెండు వరుసల ముందు తమ్ముడు కూర్చున్నాడు. పొలం గట్టు తగాదాతో ఏడు నెలలుగా మా మధ్య మాటల్లేవు.

రొట్టె ముక్క అప్పటికే నా అరచేతిలో ఉంది. చెమటకు తడిసి మెత్తబడింది.

బైబిల్లో లూకా సువార్త 18లో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, ఆకాశంవైపు కన్నులెత్తలేక రొమ్ము కొట్టుకుంటాడు. ఇన్నాళ్లూ ఆ కథ చదువుతూ నేను, తానే నీతిమంతుడినని గర్వంగా ప్రార్థించిన పరిసయ్యుడి పక్కనే నిలబడ్డానని ఈ రోజే తెలిసింది. పాపం నుంచి రక్షణ దేవుని కృపవల్లనే, క్రియలవల్ల కాదని సండే స్కూలు పిల్లలకు నేర్పేది నేనే. ఆ కృప తమ్ముడికి కూడా అని మాత్రం మనసు ఒప్పుకోలేదు.

"తీసుకో నాయనా" అన్నారు పెద్దాయన, మెల్లగా. తీసుకున్నాను.

ఆరాధన ముగిసింది. గుమ్మం దగ్గర తమ్ముడి చెప్పులు ఇంకా ఉన్నాయి. వాటి పక్కనే నిలబడ్డాను.